నిచ్చెన క్రింది మనిషి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు దీపము ప్రాణము. పగలెల్ల పొలమున పాటుపడి వచ్చిన రైతునకును, కూలివానికిని, బడినుండి వచ్చిన బాలునకును చదువుకొనుటకు దొరకు వేళ రాత్రి వేళయే. తుంగతుర్తి ప్రాంతపు పల్లెలలో ఒకనాడు కందీలు వెలుగున ఒకరు పత్రికను బిగ్గరగా చదువుచుండగా పదుగురు చుట్టును కూర్చుండి వినెడివారు. నేడు మీట నొక్కినంతనే గది యంతయు వెలుగుతో నిండుచున్నది. పుస్తకము వ్రాసినవానిని జనులు తలచుకొందురు. గ్రంథాలయమునకు స్థలమిచ్చిన దాత పేరును గోడపై చెక్కింతురు. కాని ఆ దీపమునకు తీగ కట్టినవాని పేరు ఏ గోడపైనను కానరాదు. ఆతడు నిచ్చెన వేసి, స్తంభమెక్కి, పని ముగించి దిగి వెళ్ళిపోయినాడు. కొన్ని సమయములందు దిగలేదు, పడినాడు. నేటి ప్రసంగము ఆ పడినవానిని గూర్చినది. అంతకంటె ముఖ్యముగా, ఆతడు పడకుండ చూడవలసినవారిని గూర్చినది.

తీగలమీద పనిచేయువారందరును ఒక్క వర్గమువారు కారు. విద్యుత్ సంస్థలో నియామకపు ఉత్తరువు పొందిన లైన్‌మన్ ఒకడు. ఔట్‌సోర్సింగ్ పద్ధతిపై పెక్కేండ్లు పనిచేసిన పిమ్మట 2017లో ఆర్టిజన్ అను పేరుతో సంస్థలోనికి తీసికొనబడినవాడు మరియొకడు. తెలంగాణలో ఇట్టివారు 20 వేలకు పైబడియున్నారు. స్తంభములు పాతుటకు, తీగలు లాగుటకు కాంట్రాక్టరు వెంట వచ్చు కూలి ఇంకొకడు. ఇంటింటికి టీవీ కేబులును, ఇంటర్నెట్టు తీగను చేర్చు కుఱ్ఱవాడు వేరొకడు. వీరుగాక, ఏ జాబితాలోను పేరు లేక, లైన్‌మన్‌కు చేదోడుగా తిరుగుచు, ఊరివారు పిలిచినప్పుడెల్ల స్తంభమెక్కు హెల్పరు ప్రతి గ్రామమునందును ఒకడుండును. తుదకు రైతు కూడ ఈ వరుసలోనివాడే. శ్రీరామసాగరు రెండవ దశ కాలువ నీరు రాకమునుపు ఈ మెట్టనేల దశాబ్దముల తరబడి బోరుబావులనే నమ్ముకొని బ్రతికినది. బోరు ఉన్నచోటికెల్ల తీగ పోయినది. తీగ పోయినచోటెల్ల స్తంభము లేచినది. పైరెండిపోవుచున్న వేళ, పిలిచిన మనిషి రానప్పుడు, రైతే ట్రాన్స్‌ఫార్మరు గద్దెపైకెక్కి ఫ్యూజు కట్టుట కలదు.

వీరిలో ఒకడు పడినాడన్న వార్త వచ్చినప్పుడు ఊరిలో వినిపించు మాటలు రెండే. “వాని రాత అట్లున్నది” అనునది మొదటిది. “వాడే చూచుకొనలేదు” అనునది రెండవది. ఈ రెండు మాటలును విచారణను అక్కడికక్కడే ముగించివేయును. రాత యైనచో చేయదగినది లేదు. వాని తప్పైనచో ఇతరులు చేయవలసినది లేదు. కాని పడుట అను సంగతిని నిదానముగా పరిశీలించినచో, అది పైన జరుగునట్లు కనిపించినను చాలవరకు నేలమీదనే నిర్ణయమగుచున్నదని తేలును.

ఒక వేసవి సాయంకాలమును తలచుకొందురు గాక. ఈదురుగాలి వీచి, నాలుగు చినుకులు పడి, ఊరంతయు చీకటి యగును. అర్ధగంట గడువకముందే లైన్‌మన్ ఫోను మ్రోగుట మొదలిడును. పిండిమర యజమాని, పెండ్లివారు, పసిబిడ్డ తల్లి, ఊరి పెద్ద, అందరును పిలుతురు. అందరి మాట ఒక్కటే: త్వరగా. ఆతనికి జతగా రావలసినవాడు మరియొక ఊరిలో నుండును. ఆతడొక్కడే నిచ్చెన భుజమున వేసికొని బయలుదేరును. తడిసిన నేలపై నిచ్చెన నిలుపును. పట్టుకొనువాడు లేడు. ఒక చేత టార్చి, ఒక చేత పనిముట్టు. నిచ్చెనను పట్టుకొనుటకు మూడవ చేయి లేదు. ఇంతవరకు ఆతడింకను ఒక్క మెట్టైనను ఎక్కలేదు. ఐనను పడుటకు కావలసిన కారణములన్నియు అప్పటికే చేరియున్నవి.

పడుటకు పట్టు కాలమెంతో తెలిసికొనుట మంచిది. పదునారడుగుల యెత్తునుండి, అనగా సుమారు 5 మీటర్లనుండి, జారినవాడు నేలను తాకుటకు పట్టు కాలము ఒక్క సెకను. అప్పటికాతని వేగము గంటకు 36 కిలోమీటర్లకు సమానము. మోటారు సైకిలు అంత వేగమున పోయి రాతిగోడను గుద్దుకొన్నచో ఏమగునో ఎవరును చెప్పనక్కరలేదు. “ఎంత ఎత్తు, ఆరడుగులే గదా” అనువారు గలరు. 2 మీటర్ల యెత్తునుండి పడినవాడును గంటకు 22 కిలోమీటర్ల వేగమున నేలను తాకును. తల ముందుగా తగిలినచో అంతియే చాలును. ఒక్క సెకనులో మనిషి కేకవేయగలడు. కాని దేనినైనను పట్టుకొని నిలువలేడు. కావున తప్పించుకొను ఉపాయమును పడునప్పుడు వెదకుట వ్యర్థము, ఎక్కకముందే సిద్ధపరచుకొనవలెను.

ఆ ఉపాయములలో మొదటిది నిచ్చెన నిలుపుట. నాలుగింట ఒకటి అను లెక్క ప్రపంచమంతటను ఒప్పుకొనబడినది. నిచ్చెన పైకొన 16 అడుగుల యెత్తున ఆనినచో దాని పాదము 4 అడుగుల దూరమున నుండవలెను. అంతకంటె దగ్గరైనచో మనిషితోకూడ వెనుకకు విరుచుకొనిపడును. దూరమైనచో పాదము జారిపోవును. కొలబద్ద అక్కరలేదు. నిచ్చెన పాదమునకు కాలివ్రేళ్ళను తాకించి నిటారుగా నిలిచి చేతులు చాచినప్పుడు, అరచేతులకు మెట్టు అందినచో వాలు సరిగా నున్నట్లే. వరిమడిలోను, తడిసిన నల్లరేగడిలోను ఒక పాదము దిగబడి మరియొకటి నిలిచిపోవును. అట్టిచోట క్రింద వెడల్పైన పలక వేయవలెను. ఎక్కునప్పుడును దిగునప్పుడును రెండు కాళ్ళు, ఒక చేయి, లేక రెండు చేతులు, ఒక కాలు, ఇట్లు మూడు ఆధారములు ఎల్లప్పుడు నిచ్చెనపై నుండవలెను. పనిముట్లను చేతబట్టుకొని ఎక్కరాదు. పైకి చేరిన పిదప త్రాటితో సంచిని లాగుకొనవలెను. దేహము నిచ్చెన రెండు కమ్ముల నడుమ నుండవలెను. “ఇంకొక్క జానెడు వంగినచో అందును” అని ప్రక్కకు సాగుట వలననే నిచ్చెన ప్రక్కకు దొర్లును. దిగి, జరిపి, మరల ఎక్కుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషముల పిసినారితనమునకు మూల్యము కొన్నియెడల జీవితకాలము.

నిచ్చెన దేనితో చేయబడినదనునదియు ముఖ్యమే. ఇనుప నిచ్చెనయు, అల్యూమినియము నిచ్చెనయు కరెంటు తీగల దాపున మృత్యువుతో సమానము. పొడి వెదురు కొంత మేలు; కాని తడిసిన వెదురు కరెంటును ప్రసరింపజేయును. ఫైబరు గ్లాసు నిచ్చెన ఈ పనికి తగినది. చిన్న షాకు ప్రాణము తీయకపోవచ్చును. కాని అది చేతిపట్టును విడిపించును. నేలమీద నున్నవానికి ఉలికిపాటుగా పోవునది నిచ్చెనపై నున్నవానిని నేలకూల్చును. కావున లైన్ క్లియర్ తీసికొని, కరెంటు లేదని పరీక్షించి, తీగను భూమికి కలిపిన పిదపనే చేయి వేయుట పడకుండుటకును రక్షయే. ఊరిలో జనరేటరో ఇన్వర్టరో పొరపాటున తిరుగుదారిని తీగలోనికి కరెంటు పంపునని మరువరాదు.

కేబులు పనిలో మరియొక చిక్కు కలదు. స్తంభమునకు ఆనించిన నిచ్చెన కదలని దానిపై ఆనినది. రెండు స్తంభముల నడుమ వ్రేలాడు కేబులుపై ఆనించిన నిచ్చెన కదలెడిదానిపై ఆనినది. మనిషి ఎక్కినకొలది కేబులు క్రిందికి కుంగును, ప్రక్కకు జరుగును. నిచ్చెన వాలు దానంతట అదే మారిపోవును. పాత కేబులును కోసినప్పుడు దానిలోని బిగువు ఒక్కమారుగా విడిపోవును. అంతవరకు రెండు వైపులనుండి లాగబడుచు నిలిచిన స్తంభము ఒకే వైపునకు లాగబడును. మొదలు పుచ్చిన స్తంభమో, పగిలిన సిమెంటు స్తంభమో యైనచో మనిషితో సహా కూలును. కావున ఎక్కుటకు ముందు స్తంభము మొదలును త్రవ్వి చూచుట, తట్టి చూచుట, అనుమానము కలిగినచో త్రాళ్ళతో నాలుగు దిక్కుల బిగించుట, నిచ్చెన పైకొనను కొక్కెములతో తగిలించి త్రాటితో కట్టుట తప్పనిసరి పనులు. ఇంటి కొక కనెక్షనుకు ఇంతయని కూలి లెక్కగట్టినప్పుడు ఈ పనులే మొట్టమొదట విడిచిపెట్టబడును. ఏలయన వీనికి కూలి లేదు.

ఎక్కుటలో నేర్పు గలవాడు పడడను నమ్మకము సామాన్యముగా నున్నది. ఈ సీమలో దానికి జవాబు తాటివనములే చెప్పును. గీత కార్మికుని మించిన నేర్పరి ఎవడు? తాత తండ్రులనుండి వచ్చిన విద్య ఆతనిది. మోకును, ముస్తాదును ఆధారముగా జేసికొని తెల్లవారుజామున, సాయంకాలమున చెట్టు వెంట చెట్టెక్కును. ఐనను ఏటేట చెట్లమీదినుండి పడి ప్రాణములు గోల్పోయినవారును, మంచముపాలైనవారును ఈ కులవృత్తిలో పెక్కుమంది గలరు. నేర్పు తక్కువై కాదు. తడిసిన మట్టయో, తేనెటీగల దాడియో, అరిగిన మోకో ఎంతటి నేర్పరినైనను పడవేయగలదు. ఈ సత్యమును గుర్తించియే రాష్ట్ర ప్రభుత్వము 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచము అను పేరుతో రక్షణ పరికరముల పంపిణీని ప్రారంభించినది. నేర్పు పడుటను అరుదుగా జేయును; రక్షణ త్రాడు పడినను బ్రతికించును. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

తీగల పనివానికి తగిన కవచము ఒంటినంతను పట్టియుంచు బెల్టు. నడుమునకు మాత్రమే కట్టుకొను పాత బెల్టు పనిచేయుచున్నప్పుడు నిలబెట్టుటకు పనికివచ్చును గాని, పడుచున్నవానిని ఆపునప్పుడు బరువంతయు నడుము మీదనే పడి లోని అవయవములను, వెన్నును గాయపరచును. తలక్రిందైనచో మనిషి బెల్టులోనుండి జారిపోవుటయు కలదు. ఈ కారణముననే అమెరికా దేశములో 1998 జనవరి 1 నుండి పడువానిని ఆపు సాధనముగా నడుము బెల్టును నిషేధించిరి. భుజములు, ఛాతీ, తొడలు అన్నిటికిని పట్టీలు గల బెల్టు ఆ బరువును పంచిపెట్టును. బెల్టును పెట్టెలో భద్రపరచి, తనిఖీ అధికారి వచ్చినప్పుడు మాత్రము ధరించుట వలన లాభము లేదు. పైకి చేరిన పిదప తగిలించుకొనుట యొక్కటే చాలదు; ఎక్కునప్పుడును దిగునప్పుడును కూడ కట్టియుండునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

ఈ వృత్తి నేడు పురుషులకే పరిమితము కాదనుటయు ఇచ్చట చెప్పదగును. 2020 డిసెంబరులో హైకోర్టు ఆదేశముపై 8 మీటర్ల స్తంభమెక్కు పరీక్షకు అనుమతింపబడి, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష అందులో నెగ్గి, 2021లో జూనియర్ లైన్‌మన్ పదవి పొందినది. స్తంభము ఎక్కినవారిలో భేదమెంచదు. నేలయు పడినవారిలో భేదమెంచదు. కావున పురుషుల కొలతకు కుట్టిన బెల్టు స్త్రీలకు సరిపోవునా యని చూచుట కూడ ఇకమీదట యజమానుల బాధ్యత.

పడినవాని శరీరమునకు ఏమగును? కాళ్ళమీద పడినచో మడమ ఎముక నుగ్గగును. ఆ దెబ్బ పైకి ప్రాకి, ఛాతీ ముగిసి నడుము ప్రారంభమగుచోట వెన్నుపూసను నలుగగొట్టును. మడమ నొప్పి తీవ్రముగా నుండుటచే వెన్ను సంగతి మరుగున పడును. కావున మడమ విరిగిన ప్రతివానికి వెన్నును కూడ పరీక్షింపజేయవలెను. చేతులు చాచి పడినచో మణికట్టు విరుగును. కటి ఎముక విరిగినచో రక్తము బయటికి కనబడకుండ లోలోపలనే కారిపోవును. తలకు దెబ్బ తగిలినవాడు లేచి కూర్చుండి, మాటలాడి, కొన్ని గంటలకు తెలివితప్పవచ్చును. వీనిలో అతిదారుణమైనది వెన్నుపాము దెబ్బ. నడుము క్రింది భాగము స్పర్శ కోల్పోవును. మూత్రవిసర్జన స్వాధీనము తప్పును. రెండు గంటల కొకమారు ప్రక్క మార్చనిచో వీపున పుండ్లు పడును. తెగిన వెన్నుపామును తిరిగి అతికింపగల వైద్యము నేటికిని లేదు. ఇరువదియైదేండ్ల యువకుడొకడు ఇట్లు పడినప్పుడు మంచము పట్టునది ఆతడొక్కడే కాడు. భార్య కూలి మానును. తల్లి నిద్ర మానును. పెద్దకొడుకు బడి మానును.

ఇక్కడనే ఊరివారి చేతులలో నున్న సంగతి ఒకటి కలదు. పడినప్పుడు విరిగిన వెన్నుపూస అన్నివేళల వెన్నుపామును త్రెంపదు. పడినవానిని నలుగురు చేరి చంకలలో చేతులు వేసి లేపి, కూర్చుండబెట్టి, నీళ్ళు త్రాగించి, మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవునప్పుడు ఆ విరిగిన ముక్క వెన్నుపాములోనికి గ్రుచ్చుకొనవచ్చును. ప్రేమతో చేసిన పనియే కాళ్ళు తీసివేయును. చేయవలసిన పద్ధతి సులభమైనది. మొదట తీగలో కరెంటు ఆగినదా యని చూడవలెను. లేనిచో కాపాడబోయినవాడును పడును. పడినవానిని పడినచోటనే పడుకొననీయవలెను. ఒకడు తలవద్ద మోకాళ్ళపై కూర్చుండి తలను, మెడను రెండు చేతులతో కదలకుండ పట్టుకొనవలెను. 108కి ఫోను చేయవలెను. 2005 నుండి తెలుగు నేలపై నడచుచున్న ఈ అంబులెన్సులో వెన్ను కదలకుండ పడుకొనబెట్టు పలకయు, శిక్షణ పొందిన సిబ్బందియు నుందురు. అంబులెన్సు రానిచోట, తలుపు రెక్కనో వెడల్పాటి బల్లనో తెచ్చి, నలుగురు ఒకే మాటమీద దేహమును దుంగవలె ఒక్కుమ్మడిగా పొర్లించి దానిపై చేర్చవలెను. శస్త్రచికిత్స అవసరము పడవచ్చును గనుక నోట ఏమియు పోయరాదు. షాకుచే శ్వాస ఆగినచో మాత్రము తక్షణమే ఛాతీని నొక్కుచు గుండెను నడపవలెను. ప్రాణమునకు మించిన వెన్ను లేదు. 2019 నుండి సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల నడచుచున్నది. అచ్చటికి చేర్చు విధానము మనిషి ప్రాణము నిలుపునట్లే కాళ్ళను కూడ నిలుపునట్లుండవలెను.

పడినవానికి చట్టము ఏమిచ్చునో పలువురెరుగరు. 1923లో చేయబడిన కార్మిక నష్టపరిహార చట్టపు జాబితాలోనే టెలిఫోను తీగలు, స్తంభములు, తలపైని విద్యుత్ తీగలు, కేబుళ్ళు నిలుపువారును, బాగుచేయువారును పేరుపెట్టి చెప్పబడియుండిరి. అనగా ఈ పని అపాయకరమని నూరేండ్ల క్రిందటనే చట్టమొప్పుకొన్నది. తన వ్యాపారములో భాగమైన పనిని కాంట్రాక్టరుచే చేయించినను అసలు యజమాని బాధ్యత తొలగదని కూడ ఆ చట్టము చెప్పినది. 2025 నవంబరు 21 నుండి 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి దాని స్థానమున అమలులోనికి వచ్చినను ఈ సూత్రములు నిలిచియే యున్నవి. కాని హక్కు కాగితము లేనిదే కదలదు. ఆ దినమున ఆతనిని పనికి పిలిచినదెవరు, కూలి ఇచ్చినదెవరు, ఎక్కడ పడినాడు, ఎవరు చూచిరి అను వివరములు వెంటనే వ్రాసి ఉంచవలెను. ఫోను సందేశములు, కూలి జమయైన లెక్కలు, పోలీసు ఫిర్యాదు, ఆస్పత్రి చీటీలు భద్రపరచవలెను. పేరు లేని హెల్పరునకు ఈ కాగితములే పేరు. ఇక ఫ్యూజు కట్టబోయి పడిన రైతు ఎవరి ఉద్యోగియు కాడు; ఈ చట్టపు నీడ ఆతనిపై పడదు. కావున రైతు ట్రాన్స్‌ఫార్మరు ఎక్కకుండుటయే ఆతనికి రక్ష.

అన్నిటికంటె మేలైన రక్షణ ఎక్కవలసిన పనియే లేకుండ చేయుట. ఈ విషయమున రెండు తెలుగు రాష్ట్రములు రెండు త్రోవలు తొక్కినవి. 2017 డిసెంబరులో రాష్ట్రపతిచే ప్రారంభింపబడిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభముల మీదుగానే వేలకొలది కిలోమీటర్ల తీగను తక్కువ వ్యయముతో, శీఘ్రముగా నడపినది. తెలంగాణ ఫైబరు పథకము మిషన్ భగీరథ నీటి గొట్టములకు త్రవ్విన కందకములలోనే తన తీగను పడుకొనబెట్టినది. మొదటిది సొమ్మును ఆదా చేసినది. రెండవది, ఆ మేరకు, మనుషులను నేలమీదనే నిలిపినది. అన్ని తీగలను పూడ్చుట నేటికి సాధ్యము కాదు. ఐనను క్రొత్త తీగ వేయు ప్రతిమారును “ఇది క్రిందనుండి పోవుటకు వీలులేదా?” అని గ్రామసభలో అడుగుటకు ఖర్చేమియు లేదు.

ఇట్లు చూచినచో నిచ్చెనపై నున్నవాడు ఒక్కడే కాడు. క్రింద నిచ్చెన పట్టుకొన్నవాడొకడు. బెల్టు ఇచ్చిన, లేక ఇయ్యని యజమాని యొకడు. రెండవ మనిషిని పంపిన, లేక పంపని అధికారి యొకడు. “త్వరగా” అని ఫోనులో గద్దించిన ఊరివాడొకడు. పైవాడు ఎక్కు ప్రతి మెట్టును వీరందరును కలిసి పట్టుకొని యున్నారు, లేక విడిచియున్నారు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము ఈ సందర్భమున చేయగల పనులు పెద్దవి కావు. 108 వచ్చువరకు పడినవానిని కదల్పరాదను మాటను పెద్ద అక్షరములతో గోడపై వ్రాయింపవచ్చును. వెడల్పైన గట్టి బల్ల యొకటి, త్రాళ్ళతో సహా, ఎవరైనను వచ్చి తీసికొనిపోవునట్లు మూలన ఉంచవచ్చును. గాయపడినవాని కుటుంబము వచ్చినప్పుడు దరఖాస్తు వ్రాసియీయగల చదువరులు ఇచ్చటనే యున్నారు. గాలివాన రాత్రి దీపమారినప్పుడు ఒక్క గంట ఓర్చుకొనుటయు, తీగ కట్ట వచ్చినవానికి తోడుగా పోయి నిచ్చెన పాదమును రెండు చేతులతో పట్టుకొనుటయు ప్రతి సభ్యుడు చేయగలిగిన పనులు.

దీపము మరల వెలిగినప్పుడు చదువు సాగును. వెలిగించినవాడు క్షేమముగా దిగి యింటికి పోయినప్పుడే ఆ వెలుగు ఊరికి శుభమగును.